పడకగది గురించి సుధకు

చి.ల.సౌ. సుధకు నాన్న ఆశీర్వదించి రాయునది.

మేం క్షేమం. సంక్రాంతికి వెళ్లాక నీ దగ్గర్నుంచి సరైన ఫోనే లేదు. మేం చేసినా "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తున్నావు. కొత్త ఫ్లాటు హడావిడి అని మీ అమ్మ నాకు సర్దిచెబుతోంది. మొన్న పిన్ని ఫోన్ చేసి, నీకో పడకగది, అల్లుడికో పడకగది విడివిడిగా డిజైన్ చేయిస్తున్నారట కదా అంది. పిన్ని సంగతి తెలిసిందే, ఆ మాట అక్కడ వదిలేద్దాం. పడకగదుల ఊసు వచ్చింది కాబట్టి, ఈమధ్య నేను చూసిన గది గురించి రాద్దామని కూర్చున్నాను.

వేణు తన పెళ్లిరోజుకి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రికి గది తీసుకుని మమ్మల్ని టీకి రమ్మన్నాడు. గేటు దగ్గర కారు ఆపించి గుర్రబ్బండిలో పైకి తీసుకెళ్లారు. నిజాం కొలువులోని పాయిగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన మేడ అది. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికొచ్చింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు బస చేసి వెళ్లాక దశాబ్దాల పాటు తాళాలే. నిజాం వంశపు కోడలు ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి చూసుకుంటే, బాగుచెయ్యడానికి పదేళ్లు పట్టింది. 2010 నవంబరులో తాజ్ వాళ్లు హోటలుగా తెరిచారు. కొత్త సామాను తెచ్చి నింపెయ్యడం ఎంతసేపు? వాళ్లు పాత కుర్చీలు, తివాచీలు, షాండ్లియర్లు ఓపికగా బాగుచేయించారు. వెళ్లొచ్చినవాళ్లంతా 101 మంది కూర్చునే భోజనాల బల్ల గురించే చెబుతారు గానీ, నా కళ్లు మాత్రం వేణు గదిలోనే ఉండిపోయాయి.

గోడలకు మీగడ రంగు. కర్టెన్లు పైకప్పు దగ్గర మొదలై నేల దాకా జారుతున్నాయి. లోపల పల్చటి వరస, బయట దళసరి వరస. నువ్వు కూడా కర్టెన్ రాడ్డు కిటికీ మీద కాకుండా స్లాబు కింద కొట్టించు, గది ఎత్తుగా కనబడుతుంది. మీ స్లాబు పదడుగులు మించదు. దానికి పీవోపీ సీలింగ్ దించితే మరో అర అడుగు పోయి ఫ్యాను నెత్తిమీదికొస్తుంది. డిజైనర్ ఎంత చెప్పినా ఒప్పుకోకు. గోడ మొత్తం వార్డ్‌రోబ్ కూడా వద్దు, ఊపిరాడదు. తెల్ల లైట్లు హాల్లో పెట్టుకోండి. పడకగదికి డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉన్న పసుపు వెలుగు బల్బు చూసి తీసుకో.

ఆ గదిలో మంచానికి రెండు పక్కలా రెండు దీపాలు, దేని స్విచ్చి దానికే. ఒకరు చదువుకుంటుంటే రెండోవాళ్లు హాయిగా నిద్రపోవచ్చు. కిటికీ దగ్గర చిన్న రాతబల్ల కూడా ఉంది. అల్లుడికి రాత్రిళ్లు అమెరికా కాల్స్ ఉంటాయంటావు కదా, అలాంటి బల్ల హాల్లో ఒక మూల వేయిస్తే సరిపోతుంది, దానికోసం ఒక గది అక్కర్లేదు. గురక బాధ అయితే డాక్టరుకి చూపించాలి గానీ పక్క మార్చకూడదు. ఇది ఊరికే అంటున్నాను.

ఆ పాత చెక్క మీద మెరుపు చూస్తే మన పందిరి మంచమే గుర్తొచ్చింది. మా పెళ్లికి తాతయ్య చేయించాడు. భద్రాచలం వైపు నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి దించిన టేకు అది. రాజమండ్రి అడితిలో తాతయ్య తనే దుంగ ఎంచి, రెండు వేసవులు నీడన ఆరబెట్టించాడు. తీరా గృహప్రవేశం నాటికి మంచం మన నడవ గుమ్మంలో పట్టలేదు. వాకిట్లో చుట్టాలందరూ. సూరిబాబు మామయ్య స్తంభాలు జానెడు కోసెయ్యమన్నాడు. వెంకన్న మేస్త్రి రంపం ముట్టుకోలేదు. కొయ్య చీలలు ఒక్కొక్కటే తట్టి ఊడదీసి, మంచాన్ని ముక్కలుగా పేర్చాడు. ప్రతి స్తంభం అడుగున ఉలితో గాట్లు పెట్టి ఉంచాడట, ఒకదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా. పట్టెల చివర్లలోనూ అవే గాట్లు. గదిలోకి తీసుకెళ్లి గాటుకి గాటు జతచేసి మళ్లీ నిలబెట్టాడు. ఒక్క ఇనప మేకు లేదు. ఇప్పటికీ ఊగదు. ఆ మంచం మీదే నేనూ మీ అమ్మా మాటలు మానేసి అటొకరు ఇటొకరు తిరిగి పడుకున్న రాత్రులు బోలెడు. ట్రాన్స్‌ఫర్ల గొడవప్పుడైతే మరీను. కానీ తెల్లారేసరికి కాఫీకి ఎవరో ఒకరు పలకరించక తప్పేది కాదు. వేరే గదిలో పడుకుంటే ఆ పలకరింపు రేపటికి, ఎల్లుండికి వాయిదా పడుతుందమ్మా. అలా వాయిదా పడ్డవాళ్లను మన చుట్టాల్లోనే చూశాను. పెద్దత్త కాపురం నీకు తెలుసు.

సుధా, మీ ఇద్దరి మధ్యా ఏదైనా ఉంటే నాకు చెప్పక్కర్లేదు, అమ్మకి చెప్పు. ఆమె నాకు చెప్పదు, నేను అడగను. ఆ రెండో గది చిన్నుగాడికో, మేం వస్తే ఉండడానికో అయితే, ఆ ఒక్క ముక్క ఫోన్ చేసి చెప్పు. మీ అమ్మ రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది.

పందిరి మంచం నీకు పంపుదామని మేమిద్దరం అనుకున్నాం. లక్క పాలిష్ పెట్టే మేస్త్రితో మాట్లాడాను, నెలాఖరుకి ఖాళీ అవుతాడు. మెషిన్ పాలిష్ వద్దన్నాను. మంచం ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, పందిరితో ఏడడుగుల ఎత్తు. మీ పెద్ద పడకగది గోడ ఎంతుందో, ఫ్యాను ఎక్కడ ఉందో టేపు పెట్టి కొలిచి రాయి. అల్లుణ్ణి రెండో కొస పట్టుకోమను. లిఫ్టు తలుపు కొలత కూడా కావాలి. సున్నుండలు, కందిపొడి మంచంతో పాటు అదే లారీలో వేస్తుందట మీ అమ్మ, నెయ్యి సీసా విడిగా పంపిస్తాం.

ఆశీస్సులతో,
నాన్న