కుక్క సంగతి కాదులే, ఊరికే రాస్తున్నాను

తెనాలి, ఆదివారం

చి. మాధవికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని రాస్తున్నాననుకోకు. రాత అలవాటు తప్పి వేళ్లు బిగుసుకుపోతున్నాయి, అందుకని కాగితం తీశాను. నువ్వు మాట్లాడి పందొమ్మిది రోజులైంది. లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు. వాట్సాప్‌లో "బిజీ నాన్నా, తర్వాత చేస్తా" అని పెట్టావు గానీ, దాన్ని మాట్లాడినట్టు నేను జమ కట్టను.

ఆవకాయ పెట్టడం అయింది. ఈసారి కాయ మంచి పులుపుది దొరికింది. నీ జాడీ వేరుగా తీసి ఉంచాం. ఏ అడ్రసుకి పంపాలో తెలియక అటక మీదే ఉంది. రాము బాబాయి మోకాలు మళ్లీ వాచింది, మెట్లు ఎక్కొద్దంటే వినడు.

మొన్న ఒక చిన్న విషయం జరిగింది. మీ అపార్ట్‌మెంటులో మూడో బ్లాకులో ఉండే కుర్రాడి అత్తగారిది మన చెంచుపేటే. ఆవిడ పాలకేంద్రం దగ్గర మీ అమ్మని ఆపి, "కుక్క వల్ల మీ అమ్మాయిని ఇల్లు ఖాళీ చేయమన్నారటగా, ఎవరో ఫ్రెండు గదిలో ఉంటోందటగా" అందట. "మా అమ్మాయి ఏదైనా ముందు మాతోనే చెబుతుంది, అలాంటిదేమీ లేదు" అని మీ అమ్మ వచ్చేసింది. ఇంటికొచ్చి తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

నేను దాని గురించి అడగడం లేదు. ఎండలు మాత్రం ఇక్కడ మండిపోతున్నాయి. మీ బెంగళూరులో వాన పడిందని టీవీలో చూశాం. గొడుగు ఉందా?

అడిగానని కాదు గానీ, ఆ అగ్రిమెంటు ఫోటో తీసి పంపు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల కింద కూర్చుని ముప్ఫై ఎనిమిదేళ్లు దస్తావేజులు రాసినవాడి కూతురివి. బ్రోకరు వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసి ఉంటావని నా అనుమానం. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో ఎప్పుడైనా ఆలోచించావా? ఏడాది దాటిన లీజుని 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించి తీరాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ పడలేక ఒక నెల కోసేస్తారు. ఖాళీ చేయమనడానికి నోటీసు ఎన్నాళ్లని రాశారో చూడు. రంగుల ఖర్చని అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో చూడు. 2021లో కేంద్రం తయారుచేసిన నమూనా అద్దె చట్టంలో ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఉంది. కానీ అది నమూనాయే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది. మీ ఊళ్లో పది నెలల అడ్వాన్సు అడిగిన ఓనర్లున్నారని విన్నప్పుడు నాకు మతిపోయింది.

రాము కొడుకు చేత ఇంకో కాగితం కూడా ప్రింటు తీయించి దీంతో పెడుతున్నాను. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు. ఎంతమంది మెజారిటీతో తీర్మానం చేసినా అపార్ట్‌మెంటు అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్టు ఎక్కొద్దనకూడదు, లిఫ్టుకని వేరే డబ్బు అడగకూడదు అని అందులో ఉంది. చదివి సంబరపడకు. అసోసియేషన్ వేరు, ఓనరు వేరు. కుక్క వద్దని అగ్రిమెంటులో ఉండి నువ్వు దానికింద సంతకం పెట్టి ఉంటే, ఈ కాగితం పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్లినా పెద్దగా ఒరిగేదేం ఉండదు. ఇంకోటి, కాగితంలో ఉంది కదా అని లిఫ్టులో దెబ్బలాడకు. కుక్కంటే భయపడే ముసలావిడ ఉంటే నువ్వే ఆగి తర్వాత ఎక్కు. రెండు నిమిషాల్లో కొంపలేం మునగవు. చూశావా, సుద్దులు చెప్పకూడదు అనుకుంటూనే మొదలుపెట్టాను.

కొత్తపేట మేడింటి సంగతి నాయనమ్మ నీకు ఒకలా చెప్పి ఉంటుంది. జరిగింది వేరు. 1987లో, మీ అమ్మ కాపురానికొచ్చి ఎనిమిది నెలలు. వెనకవైపు వాటా, రెండు గదులు, అద్దె 175. ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. ముందు మేమెవరమో అడిగాడు, తర్వాత నీచు తింటారా అన్నాడు, తర్వాత రోజుకి ఎన్ని బిందెలు తోడతారన్నాడు. నేను చేసే పని తెలిసేసరికి మాత్రం మొహం విప్పారింది. "అయితే కాగితం నువ్వే రాయవయ్యా, నాకు ఖర్చు మిగులుద్ది" అన్నాడు. ఆయన చెబుతుంటే తొమ్మిది షరతులు రాశాను. గోడకి మేకు కొట్టరాదు. రాత్రి పది దాటాక గేటు తీయబడదు. తొమ్మిదోది నా సొంత కవిత్వం. ఆయన "కుక్కలూ అవీ వద్దు" అన్నాడంతే. నేను "సదరు వాటాలో కుక్క, పిల్లి, కోడి వగైరా పశుపక్ష్యాదులను ఏ కారణము చేతను ఉంచరాదు, ఉంచినచో పదిహేను దినములలో ఖాళీ చేయవలెను" అని గుండ్రంగా రాసి, చదివి వినిపించి, శభాష్ కూడా అనిపించుకున్నాను.

నెల తిరక్కుండా నాయనమ్మ వేమూరు బస్సు దిగింది. చంకలో గుడ్డ కట్టిన తాటాకు బుట్ట, బుట్టలో పిల్లి. "ఊళ్లో దీన్నెవరు చూస్తార్రా" అంది. ఆరు రోజులు దాచాం. అది అరిచినప్పుడల్లా మీ అమ్మ దగ్గేది. పాపం కోడలికి క్షయ ఏమోనని మాస్టారి భార్య మిరియాల కషాయం కాచి పంపింది కూడా. ఏడో రోజు పొద్దున్నే అది నింపాదిగా వెళ్లి మాస్టారి పడక్కుర్చీలో పడుకుంది. ఆయన అరవలేదు. లోపలికెళ్లి కాగితం తెచ్చి, తొమ్మిదో షరతు నా చేతే పైకి చదివించాడు.

మారిస్‌పేటలో పాతిక ఎక్కువకి ఇల్లు దొరికింది. రిక్షాలో సామాను, నాయనమ్మ ఒళ్లో బుట్ట. మర్నాటికి పిల్లి లేదు. మూడు రోజులు కాలవ గట్లన్నీ వెతికాను. పిల్లికి మనుషుల కన్నా ఇల్లే అలవాటని నాకప్పుడు తెలీదు. నాలుగో రోజు కొత్తపేట వెళితే అది అదే పడక్కుర్చీలో ఉంది, మాస్టారు కింద పీట మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి, "కాగితం అద్దెకున్నవాళ్లకేనోయ్, ఇది అద్దెకి లేదుగా" అన్నాడు. ఇవ్వలేదు. ఆయన పోయినప్పుడు కూడా నాయనమ్మ పలకరించడానికి వెళ్లలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దాచి దిగకు. ఇల్లు చూసేటప్పుడే కుక్క ఉందని చెప్పు. ఓనరు అదే ఇంట్లో ఉండనిది చూసుకో. "ఒక పెంపుడు కుక్కను ఉంచుకొనుటకు యజమాని సమ్మతించినారు" అని ఒక్క లైను రాయించు. తలుపులు గీరితే బాగుచేయించి ఇస్తానని కూడా రాయించు, ఓనరుకి ధైర్యంగా ఉంటుంది. రేబిస్ ఇంజెక్షన్ కార్డు జిరాక్సు ముందే చేతిలో పెట్టు. ఏటా వేయిస్తున్నావా? ఇక్కడ జులై 6న పశువుల ఆసుపత్రిలో ఉత్తినే వేస్తారు, ఊరికే చెబుతున్నాను.

ఎవరైనా దాన్ని ఎక్కడైనా వదిలేయమని సలహా ఇస్తే మాత్రం వినకు. 1960 చట్టం ప్రకారం అది నేరం. నువ్వు అలా చేసేదానివి కాదని తెలుసు.

సంక్రాంతికి నువ్వు బూందీని తీసుకొస్తానంటే, కుక్కతో అయితే రావద్దన్నాను. మాటవరసకి అన్నాను. షరతులు రాసీ రాసీ నోటికి కూడా అదే అలవాటైంది. నువ్వు నిజంగానే రాకుండా ఉంటావనుకోలేదు. మీ అమ్మ ఆ అరిసెలు ఎవరికీ పెట్టలేదు.

గేటు కింద సందుకి రేకు కొట్టించాను. వీధిలో పిల్లల బంతి దొర్లి వస్తోందని, అందుకు. వెనక గది కూడా ఖాళీ చేయించాం, పాత పేపర్లు పేరుకుపోయాయి. రైలైతే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకుంటేనే కుక్కని మనతో ఉంచుకోనిస్తారు, లేకపోతే గార్డు పెట్టెలో వేస్తారు. ఈ ఎండల్లో ఆ పెట్టె వద్దు. కారు మాట్లాడుకో, డబ్బు నేను వేస్తాను. దారిలో దానికి నీళ్లు పట్టించు. నువ్వూ తాగు. ఉల్లిపాయ దానికి పడదని చదివాను, మీ అమ్మకి చెప్పాను.

ఇట్లు
నాన్న

తా.క.: అగ్రిమెంటు ఫోటో తీసేటప్పుడు వెనక పేజీ కూడా తీయి. షరతులన్నీ అక్కడే పెడతారు.