ఈ ఏడు మా ఆవకాయ లేదు

ఐదేసి వందలు అడ్వాన్సు కట్టి ఆవకాయ కోసం ఎదురుచూస్తున్న నలభై ముగ్గురికీ ముందు ఈ మాట చెప్పాలి. ఈ ఏడు ఆవకాయ ఇవ్వలేను. ఆలస్యం కాదు, అసలు లేదు. డబ్బు వెనక్కి వేస్తున్నాను. ఇరవై ఆరుగురికి వేసేశాను, మిగతావాళ్ళకి ఈ ఆదివారంలోగా వేస్తాను. "ఉంచండి, వచ్చే ఏడు చూసుకుందాం" అని కొందరు మెసేజ్ పెట్టారు. మీ మంచితనం తెలుసు గానీ, దయచేసి ఉంచమనకండి. పెట్టని పచ్చడి డబ్బు ఇంట్లో ఉంటే నాకు అన్నం సహించదు.

గ్రూపులో "బాబుకి టాన్సిల్స్ ఆపరేషన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. దానికి ఒకావిడ "టాన్సిలే కదండీ, మా వాడు మర్నాడే లేచి ఆడుకున్నాడు" అన్నారు. ఆవిడ చెడ్డగా అనలేదు. నాకే గుచ్చుకుంది. హైదరాబాద్ రామ్‌నగర్‌లో మా ఇంటికొచ్చి డబ్బాలు తీసుకెళ్ళే మీ అందరికీ మా బాబు తెలుసు, మూతల మీద స్టిక్కర్లు వంకరగా అంటించేది వాడే. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

వాడికి ఐదేళ్ళు. రెండేళ్ళుగా నోరు తెరుచుకుని, మెడ వెనక్కి వాల్చి నిద్రపోయేవాడు. గురక పెడితే "అచ్చం తాత పోలిక" అని మా అత్తగారు మురిసిపోయేవారు. ఫిబ్రవరిలో ఒక రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగింది, అప్పుడు విన్నాను. గురక ఆగిపోయింది. ఛాతీ లోపలికి పీక్కుపోతోంది గానీ గాలి ఆడుతున్న చప్పుడు లేదు. నేను మనసులో తొమ్మిది లెక్కపెట్టేసరికి ఒక్కసారి గుటక పడ్డట్టు చప్పుడు చేసి మళ్ళీ పీల్చాడు. అలా ఆ గంటలో ఎన్నిసార్లో.

ఈఎన్‌టీ డాక్టరు మెడకి పక్కనుంచి ఎక్స్‌రే తీయించి చూపించారు. ముక్కు వెనక ఎడినాయిడ్ అని కండలాంటిది ఉంటుంది, నోరు తెరిస్తే కనపడదు, అది పెరిగి గాలి వెళ్ళే దారిని మూసేసింది. టాన్సిల్స్ రెండూ పెరిగి మధ్యలో ఒకదానికొకటి ఆనుకున్నాయి. పగలు చిరాకు, బళ్ళో పరధ్యానం, పక్క తడపడం, ఇవన్నీ రాత్రి నిద్ర సరిగ్గా లేకపోయినా వస్తాయన్నారు. పక్క తడిపాడని వాణ్ణి ఒకసారి కొట్టాను నేను. పచ్చడి కబురులో రాయాల్సిన మాట కాదిది, అయినా రాశాను.

కొన్నాళ్ళు ముక్కులో స్ప్రే కొట్టాం. మార్చిలో ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. సరిగ్గా రెండ్రోజుల ముందు జలుబు, జ్వరం. జలుబు మీద మత్తు ఇస్తే ఊపిరికి ఇబ్బంది, తగ్గాక రండి అని పంపేశారు. ఆ తర్వాత కుదిరిన తేదీ మే మొదటివారం. జూన్‌కి జరుపుదామంటే 12న బళ్ళు తెరుస్తారు, పైగా వానలు పడితే మళ్ళీ జలుబులు. మే నెల అంటే నాకు ఆవకాయ. తప్పు ఇక్కడ జరిగింది, చేసింది నేనే. తేదీ తెలిసి కూడా ఏప్రిల్‌లో మీ దగ్గర అడ్వాన్సులు తీసుకున్నాను. రెండూ చేసేయగలననుకున్నాను. ఏడేళ్ళుగా పెడుతున్న చెయ్యి కదా, ఆ పొగరు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రాత్రి నుంచి అన్నం లేదు, తెల్లారాక మంచినీళ్ళు కూడా ఆపేశారు, వాడు నీళ్ళ సీసా వంక చూస్తుంటే దాన్ని నా చీర కొంగు కింద దాచాను. గంటలోపే బయటికి తెచ్చారు. మత్తు దిగేటప్పుడు ఒక అరగంట నన్ను గుర్తుపట్టకుండా కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ ఏడ్చాడు. పిల్లల్లో ఇది మామూలే అని ముందే చెప్పారు. చెప్పినా సరే, కన్నకొడుకు నన్ను తోసేస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు. నిద్రలో ఊపిరి ఆగే పిల్లాడు కాబట్టి ఆ రాత్రి ఉంచుకుని మర్నాడు పంపారు.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. మర్నాడే ఆడుకోవడం మావాడి విషయంలో జరగలేదు. గొంతులో తెల్లగా పొర కడుతుంది, చూస్తే చీములా ఉంటుంది గానీ అది పుండు మానే పొర. నోరు వాసన. చెవిలో ఏమీ లేకపోయినా చెవి నొప్పని ఏడుపు. మింగితే నొప్పి కాబట్టి మింగడు, మింగకపోతే గొంతు ఎండి నొప్పి ఇంకా పెరుగుతుంది. బరువును బట్టి రాసిచ్చిన పారాసిటమాల్ గడియారం చూసుకుని పోయడం, అది పట్టిన అరగంటకి చల్లటి రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఐస్‌క్రీం. చెంచా తర్వాత చెంచా, ఒక్కో చెంచాకి ఒక్కో బేరం. ఈ బేరాలు వాడు నాతో తప్ప ఇంకెవరితోనూ ఆడడు.

ఇక మా ఇంటి సంగతి మీకు తెలుసు. మే నెలలో మా గుమ్మంలోకి రాగానే తుమ్ముతారు. పచ్చి పుండున్న గొంతుతో వాడు దగ్గకూడదు. అందుకని మలక్‌పేట గంజ్‌లో కొన్న మిరపకాయల దగ్గర్నుంచి ఆవపిండి దాకా సామానంతా బోడుప్పల్‌లో మా అక్క వాళ్ళింటికి చేర్చాం.

కాయ సంగతి కొంచెం ఎక్కువే చెప్తాను, కోపం ఇంకా తగ్గలేదు. ఏటా తెల్లవారుజామున బాటసింగారం పండ్ల మార్కెట్‌కి నేనే వెళ్తాను. ట్రేలో అడుగు కాయ తీసి కోయించి, టెంక ముదిరిందా, పీచుందా, పులుపుందా చూసి గానీ డబ్బివ్వను. ఈసారి పిల్లాడు ఒళ్ళో ఉన్నాడు, వెళ్ళలేదు. ఐదేళ్ళుగా నాకు కాయ ఇస్తున్న వ్యాపారే కదా అని ఫోన్‌లో చెప్పాను. "అక్కా, మీకు నేను వేరే కాయ ఇస్తానా" అన్నాడు. రెండు వందల కిలోలు దిగాయి. పై ట్రేలు రాయిలా ఉన్నాయి. కింది ట్రేల్లో కాయ నొక్కితే వేలు దిగుతోంది. కత్తిపీట మీద పడేసరికి లోపల పసుపు తిరిగి ఉంది. మగ్గిన కాయతో ఆవకాయ పెడితే వినాయక చవితికల్లా ముక్క జావైపోతుంది, పచ్చడి పెట్టే ఎవర్నడిగినా చెప్తారు. ఫోన్ చేస్తే "ఎండలు అక్కా, నేనేం చేయను" అన్నాడు. వెళ్ళి చూసినన్నాళ్ళూ ఎండలు కాయని మగ్గించలేదు, వెళ్ళని ఒక్క ఏడే మగ్గించాయి. నూట నలభై కిలోలు తిప్పి పంపితే సగం డబ్బే తిరిగిచ్చాడు. ఆయనతో నా లెక్క తెగిపోయింది. సగం డబ్బు కోసం కాదు, నేను రాలేని రోజు చూసి చేశాడని.

మిగిలిన అరవై కిలోలు కొట్టించి, జీడి తీసి, పొర గీకి, ముక్క ముక్కా గుడ్డతో తుడిచాం. అది ఆపరేషనయిన ఏడో రోజు. ఉప్పు, కారం, ఆవపిండి కలిపి ముక్కలకి పట్టిస్తున్నాను, నూనె ఇంకా సగమే పోశాను. ఫోన్ పక్క గదిలో ఉంది. మా అక్క పరుగున తెచ్చి చెవి దగ్గర పెట్టేసరికి అప్పటికే నాలుగు మిస్డ్ కాల్స్. మా ఆయన గొంతు నాకు అర్థం కావడానికి కొంచెం పట్టింది. "నోట్లోంచి రక్తం వస్తోంది."

ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య ఆ తెల్ల పొర ఊడేటప్పుడు రక్తం రావచ్చని, చెంచాడు వచ్చినా ఆలోచించకుండా వచ్చేయమని డాక్టరు ముందే చెప్పారు. మా ఆయన వాణ్ణి ముందుకు వంచి కూర్చోబెట్టి, మింగకుండా ఉమ్మమని చెప్పి తీసుకెళ్ళిపోయారు. నేను బోడుప్పల్ నుంచి ఆటోలో బయల్దేరాను. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగాం. చేతులు నూనెతో రుద్ది, శనగపిండితో కడిగి, సబ్బు పెట్టి వచ్చినా మంట పోలేదు. ఆస్పత్రిలో వాడు "అమ్మా" అని చేతులు చాపాడు. మూతి పక్కన ఎండిన రక్తం. తుడుద్దామని చెయ్యి ముందుకు పెట్టి వెనక్కి తీసుకున్నాను. రెండూ కారం చేతులే. నర్సమ్మ తుడిచింది.

రక్తం దానంతటదే ఆగింది. సెలైన్ పెట్టి రెండు రాత్రులు ఉంచారు.

నూనె సరిగ్గా పడని ఆ ముక్కల మీద మా అక్క గుడ్డ కప్పి ఉంచింది. మూడో రోజు తిరగకలపడానికి నేను లేను, ఆమెకి నా కొలతలు తెలియవు. వెళ్ళేసరికి ఒక మూల తెల్లగా బూజు. "పైపైన తీసేసి నూనె పోసెయ్, ఎవరికి తెలుస్తుంది" అంది మా అక్క. ఆమె నా మేలు కోరే అంది. మొత్తం పారబోశాను.

ఇక మీకు దాచకూడనిది ఒకటుంది. ఆస్పత్రిలో రెండో రాత్రి ఒకాయన ఫోన్ చేశాడు. షాపులకి డబ్బాలు వేస్తుంటాడు. తయారుగా ఉన్న ఆవకాయ కిలో నూట తొంభైకి ఇస్తాను, మీ సీసాల్లో పోసుకోండి, మీ స్టిక్కరు వేసుకోండి అన్నాడు. వెంటనే కాదనలేదు నేను. ధర రెండుసార్లు అడిగాను. కాయ, నూనె, కారం కలిపి నాకు పోయినదెంతో, మీకు తిరిగివ్వాల్సినదెంతో సెలైన్ చుక్కలు చూస్తూ లెక్కేశాను. నలభై ముగ్గురిలో ఎంతమంది కనిపెడతారో కూడా లెక్కేశాను, అది ఇంకా సిగ్గు. ఒక పదిమంది కనిపెడతారు. విద్యానగర్ మాస్టారు మొదటి ముద్దకే కనిపెడతారు. మిగతావాళ్ళు "ఈసారి కొంచెం తేడాగా ఉందండీ" అని ఊరుకుంటారు. ఆ మాట నేను పడలేను. తెల్లారి ఆయనకి వద్దని చెప్పాను. నిజాయితీ అని ఎవరూ మెచ్చుకోవక్కర్లేదు, సగం మొండితనమే అది.

మే ఆఖర్లో కాయ దొరికింది కదా, అప్పుడైనా పెట్టాల్సింది అని అడుగుతారు. రెండు వారాలు దాటేదాకా వాణ్ణి వదిలి కదలనని అనుకున్నాను. ఆ తర్వాత దొరికిన కాయ నాకు నచ్చలేదు, అంతే.

మీ అడ్వాన్సు ఆస్పత్రి బిల్లుకి వాడలేదు. అది కాయలోనూ నూనెలోనూ పోయింది, తిరిగి ఇచ్చేది నా చీటీ డబ్బు. జూన్ 20 నుంచి గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి ఎప్పటిలాగే, పాత ధరకే. వచ్చే ఏడు ఆవకాయకి అడ్వాన్సు తీసుకోను. కాయ కోసి చూశాకే మీకు మెసేజ్ పెడతాను.

మా ఇంట్లో నిరుటి ఆవకాయ జాడీ అడుగున కొంచెం ఉంది, వాసెన కట్టి అటక మీద పెట్టాను. అది అమ్మను. డాక్టరు కారం తినొచ్చన్న రోజున ముద్దపప్పులో వాడికి కలిపి పెట్టాలి.

ఫోన్లు రాత్రి ఎనిమిదిన్నర లోపు చేయండి. తర్వాత వాడు పడుకుంటాడు. ఇప్పుడు గురక లేదు, ఫోన్ మోగితే ఇల్లంతా వినపడుతుంది.