పాటల, పఠన బృందం: 2024 వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ వందనాలు.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "పుస్తకంల పాట ఉన్నది, పాడేటోళ్లే లేరు" అన్నారు. 2024లో మేం చేసిన పని చాలావరకు ఆ మాట చుట్టూనే తిరిగింది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన నెత్తిన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. మన దగ్గరున్న ప్రతుల్లో స్వరాలు మాత్రం ఉండవు. ఆనందభైరవి అని రాసి ఉన్నంత మాత్రాన వరస రాదు కదా. అది పెద్దవాళ్ల గొంతుల్లోనే ఉంది.

అందుకని జనవరి నుంచి వరసల సేకరణ పెట్టుకున్నాం. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరిద్దరం హనుమకొండ, కాజీపేట, మడికొండ, కాశిబుగ్గల్లోని పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి ఫోన్లో రికార్డు చేసుకున్నాం. ఏడాది చివరికి 38 కీర్తనల వరసలు చేతికొచ్చాయి. నిజానికి 39 రావాలి. కాశిబుగ్గ పెద్దమ్మ పాడిన మొదటి పాట నా పొరపాటు వల్లే పోయింది. ఫోన్లో జాగా నిండిందని చూసుకోలేదు. ఆమె కళ్లు మూసుకుని అయిదు చరణాలూ పాడితే, ఇంటికొచ్చి చూసేసరికి పల్లవి ఒక్కటే ఉంది. మళ్లీ వెళ్తే విసుక్కోకుండా పాడింది గానీ, మూడో చరణం ఎత్తుగడ ఈసారి వేరు. "పెద్దమ్మా, పోయినసారి ఇట్ల పాడలేదు" అంటే, "రెండూ ఒకటే బిడ్డా, గొంతు లేస్తే పైకి, లేకుంటే కిందికి" అంది. ఏది అసలు వరసో మాలో మేం తేల్చుకోలేక, ఆ పాటను లెక్కలో కలపలేదు. ఆమె పుస్తకం అట్ట ఊడిపోయింది. లోపల మాత్రం అంచుల వెంట సన్నటి పెన్సిలు గీతలు. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆమె భర్త పెట్టిన గుర్తులట. ఆ పుటలన్నీ ఫోటో తీసుకున్నాం.

తాళం దగ్గర ఒక తగాదా కూడా నడిచింది, దాచడం ఎందుకు. చాపు తాళం కీర్తనలు ఏడు లెక్కల మీద నడుస్తాయి, తకిట తకధిమి అని. మన కీబోర్డులో మనవాళ్లు వాడే రిథమ్‌లు నాలుగు లెక్కలవో, మూడువో. యూత్ వాళ్లు నాలుగుది పెట్టి, చరణం చివర ఒక లెక్క ఎక్కువ ఆగుతున్నారు. వెనక వరుసలో కూర్చున్న స్త్రీల సమాజం వాళ్లు ఆ లెక్క కోసం ఆగరు. ఏళ్ల తరబడి మన ఆరాధనలో రెండో చరణానికల్లా రెండు పాటలు వినిపించడానికి కారణం ఇదే. గొంతులు కలవకపోవడం కాదు. జూన్ నుంచి చాపు కీర్తనలకు రిథమ్ ఆపేసి, డోలక్, తాళాలతోనే పాడుతున్నాం. డోలక్ అబ్బాయికి ఏడు లెక్క పట్టుబడడానికి ఆరు వారాలు పట్టింది. కొత్త పాటల మీద మాకేం కోపం లేదు, వాటికి కీబోర్డు ఎప్పటిలాగే ఉంటుంది.

ఇక పఠనం. బైబిలులో 1189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం అయిదు చదివితే వారానికి 23, యాభై రెండు వారాలకు 1196. ఏడు అధ్యాయాల వెసులుబాటుతో ఏడాదిలో పూర్తవుతుంది. లెక్క బాగానే ఉంది గానీ, ఫిబ్రవరిలో లేవీయకాండము దగ్గర సగం మంది ఆగిపోయారు. సంఖ్యాకాండము ఏడో అధ్యాయంలో పన్నెండు గోత్రాల అర్పణలు దాదాపు ఒకే మాటల్లో పన్నెండుసార్లు వస్తాయి, మొత్తం 89 వచనాలు. అక్కడ ఇంకొందరు జారిపోయారు. మార్చి నుంచి దారి మార్చి, బుధవారం కూడికలో బైబిలులోని కీర్తనల గ్రంథం మాత్రం గట్టిగా చదవడం మొదలుపెట్టాం. 150 కీర్తనలూ నవంబరులో పూర్తయ్యాయి. 119వది 176 వచనాలు. దాన్ని ఎనిమిదేసి వచనాల భాగాలుగా ఇరవై రెండు మంది పంచుకున్నారు.

మధ్యలో వచ్చే "సెలా" అన్న మాట పైకి చదవాలా వద్దా అని రెండు వారాలు వాదన జరిగింది. ఆ గ్రంథంలో అది 71 సార్లు వస్తుంది. దాని అర్థం పండితులకే కచ్చితంగా తెలియదు, పాటలో ఆగమని వాద్యకారులకు గుర్తు కావచ్చని కొందరంటారు. చివరికి చదవకుండా, ఆ చోట రెండు క్షణాలు ఆగుదామనుకున్నాం. ఆ వాదనలోనే ఒక కాలేజీ అమ్మాయి, కొన్ని కీర్తనల పైన "ఫలాని రాగముమీద పాడదగినది" అని ఉన్న సంగతి చూపించింది. ఆ గ్రంథంలోని దావీదు పాటల కథా మన పాటల పుస్తకం కథలాంటిదే: రాగం పేరు మిగిలింది, వరస పోయింది.

పిల్లల సంగతి కొంచెం కష్టంగానే ఉంది. ఇంగ్లిషు మీడియం పిల్లలు పాట నోటికి పాడతారు, తెర మీద తెలుగు అక్షరాలు పడితే మూగబోతారు. అందుకే ఇన్నాళ్లూ ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు పాట వేస్తూ వచ్చాం. సండే స్కూల్ తర్వాత అరగంట తెలుగు చదువు పెట్టాం. తొమ్మిది మంది నిలబడి వస్తున్నారు. తెర మీద ఇప్పుడు రెండు లిపులూ వేస్తున్నాం. ఇది రాజీయేనని మాకూ తెలుసు.

అక్టోబరులో రైల్లో డోర్నకల్ వెళ్లొచ్చాం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన అజరయ్య గారి హయాంలో అక్కడ కట్టిన పెద్ద చర్చి, ఎపిఫనీ కెథెడ్రల్, 1939లో ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని గుర్తుకు తెస్తాయి. "గోడలకు సుత మన వరసే పెట్టిండు" అన్నాడు మా డోలక్ అబ్బాయి. డిసెంబరు 25న మెదక్ కెథెడ్రల్ నూరేళ్ల పండుగకు నలుగురు వెళ్లారు. రద్దీలో పాట సరిగా వినబడలేదని చెప్పారు.

క్యారల్స్, వాచ్ నైట్ (డిసెంబరు 31 రాత్రి ఆరాధన) ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం. సౌండ్ మిక్సర్ మరమ్మతు బాకీ ఇంకా తీరలేదు.

ఇళ్లలో పాత కీర్తనల పుస్తకాలుంటే, అట్టలు ఊడినవైనా సరే, వచ్చే నెల మొదటి ఆదివారం తీసుకురండి. పుటలు ఫోటో తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. అంచుల్లో పెన్సిలు గీతలుంటే తుడిచి తేవద్దు.

– కార్యదర్శి