తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే కాదు

సంపాదకులకు నమస్కారం.

చేతులు తిమ్మిరెక్కుతున్నాయని ఆస్పత్రికి వెళ్తే ముందు షుగర్ చూస్తారు. అది లేదని తేలితే ‘నరాల బలహీనత’ అని బి-కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపేస్తారు. స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లకు ఇలాగే ఏళ్లు గడిచిపోతున్నాయి.

రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు ఇది. చర్మం బిగుసుకుపోతుంది, సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. ఆడవాళ్లలోనే ఎక్కువ. ఊపిరితిత్తులు, కిడ్నీల సంగతి డాక్టర్లు జాగ్రత్తగానే చూస్తున్నారు గానీ నరాల గురించి అడిగేవాళ్లు తక్కువ. నరానికి రక్తం సరిగా అందకపోతే అది దెబ్బతింటుంది. మణికట్టు దగ్గర వాపు వచ్చి, కండర బంధాలు గట్టిపడి నరాన్ని నొక్కేస్తాయి. కొందరికి ముఖం ఒక పక్క మొద్దుబారుతుంది. పేగులు సరిగా కదలక బి12 ఒంటికి పట్టకపోతే నరాలు ఇంకా పాడవుతాయి.

మా అక్కకు ఈ జబ్బు ఉంది. పొయ్యి మీద గిన్నె దించేటప్పుడు చెయ్యి కాలినా తెలియదు. తర్వాత బొబ్బలు చూసుకుని తెలుసుకుంటుంది. జాకెట్ హుక్కులు మా అమ్మే పెట్టాలి. బిగిసిన చర్మం, స్పర్శ లేని వేళ్లు చూసి కుష్టేమోనని ఇరుగుపొరుగు దూరం జరిగారు. కుష్టయినా మందులతో నయమయ్యేదే, ఇదైతే అసలు అంటుకునే జబ్బే కాదు. చివరికి ఒక డాక్టర్ నర్వ్ కండక్షన్ పరీక్ష (నరాల్లో సంకేతాలు సరిగా వెళ్తున్నాయో లేదో చూసే పరీక్ష) రాస్తే, మణికట్టులో నరం నొక్కుకుపోయిందని తేలింది. ఆ పరీక్ష మొదట్లోనే చేయించి ఉంటే పట్టీతోనో, చిన్న ఆపరేషన్‌తోనో ఆ చేతులు ఇంత దెబ్బతినకుండా ఉండేవేమో!

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. రాళ్లు చెక్కేవాళ్లలో ఈ జబ్బు కనిపిస్తోందని స్కాట్లండ్‌ డాక్టర్ బైరమ్ బ్రామ్‌వెల్ 1914లోనే రాశారు. రాతి దుమ్ములోని సిలికా ఈ జబ్బు ముప్పు పెంచుతుంది. కరీంనగర్, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో రోజంతా ఆ దుమ్ము పీల్చేవాళ్లు ఎంతమంది! వాళ్లకు ఊపిరితిత్తుల ఎక్స్‌రేతో పాటు చేతులు కూడా చూడాలి.

బీపీ, షుగర్ చూడ్డానికి ఇంటింటికీ వచ్చే సిబ్బంది ఒక్క ప్రశ్న అదనంగా అడగాలి: చలికి, చన్నీళ్లకు వేళ్లు తెల్లగా, నీలంగా మారుతున్నాయా? చాలామందిలో ఈ జబ్బుకు తొలి గుర్తు అదే. అవునన్నవాళ్లకు ఏఎన్‌ఏ రక్తపరీక్ష (సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది), తిమ్మిర్లు కూడా ఉంటే నరాల పరీక్ష జిల్లా ఆస్పత్రిలోనే ఉచితంగా చేయాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కరీంనగర్