సైలెన్సరును చెవిపెట్టి వినండి, మీటరుతో కొలవండి

సంపాదకులకు నమస్కారం.

మోటారు సైకిళ్ళ సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి, వాటి మీదుగా రోలరు నడిపించిన ఫొటో మీ జిల్లా పేజీలో చూశాను. మంచి పని చేశారు పోలీసులు. అర్ధరాత్రి మా వీధి చివర తుపాకి పేలినట్టు మోత పెట్టుకుంటూ పోయే కుర్రాళ్ళ మీద నాకేమీ జాలి లేదు. కాకపోతే ఆ వార్త చదివితే, కంపెనీ నుంచి వచ్చిన సైలెన్సరు తప్ప ఇంకేది బిగించినా నేరమే అన్నట్టు ఉంది. నా పేచీ అక్కడే. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న లారీకి బిగించిన సైలెన్సరు ఏ కంపెనీదీ కాదు. నేను చేసిందే.

నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యాను. లారీ మా నాన్నది, టాటా మెర్సిడిస్ బెంజి. 1954లో టాటాల లారీ కంపెనీ టెల్కో వాళ్ళు జర్మనీ డైమ్లర్ బెంజితో పదిహేనేళ్ళ ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన బళ్ళవి. 1969లో ఒప్పందం ముగిశాక ముందున్న మూడు కొమ్మల నక్షత్రం పోయి టి అక్షరం వచ్చింది. మాది నక్షత్రం బండి. గుంటూరు మిర్చి, మా ఊళ్ళ ధాన్యం మోసి మోసి, మా చదువులకూ పెళ్ళిళ్ళకూ డబ్బు తెచ్చింది. ఇప్పుడు బరువులు మోయదు. సంక్రాంతికీ, ఊళ్ళో అమ్మవారి ఊరేగింపుకూ బయటికి తీస్తాను. అంతమాత్రానికి కూడా కాగితాలు సరిగ్గా ఉండాలి కదా.

ఎనిమిదేళ్ళు దాటిన లారీకి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, చేయించాలి. ఆ మధ్య ఒక కార్యాలయానికి తీసుకెళితే, అక్కడి బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు, మా అబ్బాయి ఈడు వాడే, ఛాసిస్ (బండి ఇనప చట్రం) కిందికి వంగి చూశారు.

"ఏంటి పెద్దాయనా, ఈ సైలెన్సరు ఎక్కడ కొన్నావు? బిల్లేది?"

"కొనలేదండీ, ఇంట్లో చేశాను."

"ఇంట్లో చేసినవి ఒప్పుకోం. కంపెనీది వేయించుకు రా."

"ఈ మోడలుది బజారులో దొరకడం లేదు సార్. ఒక్కసారి స్టార్ట్ చేస్తాను, మీరే వినండి."

ఆయన వినలేదు. తరవాత అదే కార్యాలయంలో ఇంకొక అధికారి ఇంజను రైజ్ చేయించి, వెనక్కి వెళ్ళి నిలబడి, పొగ చూసి, ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టారు. బండి అదే, సైలెన్సరూ అదే. మారింది చూసిన మనిషి ఒక్కడే.

రూలు ఏమంటుందో చూద్దాం. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి బండికీ సైలెన్సరు ఉండాలంటుంది. పొగ వ్యాకోచించే గది ద్వారా గానీ, మరో విధంగా గానీ అది వీలైనంత వరకు శబ్దం తగ్గించాలి. అందులో కంపెనీ బిల్లు ఊసు లేదు. 112వ నిబంధన ప్రకారం పొగ కిందికీ పోకూడదు, ఎడమ పక్కకీ పోకూడదు. పైకో, వెనక్కో, కుడి పక్కకో పోవాలి. మన రోడ్ల మీద బస్సు కోసం నిలబడేవాళ్ళు, నడిచేవాళ్ళు ఉండేది బండికి ఎడమ పక్కనే. 113వ నిబంధన పొగ పైపుకూ డీజిలు లైనుకూ మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల ఎడం ఉండాలంటుంది. ఇక 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిని మార్చకూడదంటుంది. నిజమే. కానీ మార్పు అంటే బండి మౌలిక స్వరూపం మారిపోయేలా నిర్మాణంలో చేసేది అని ఆ సెక్షన్లోనే వివరణ ఉంది. తుప్పు పట్టి ఊడిపోయిన సైలెన్సరు స్థానంలో అదే పని చేసే మరొకటి పెడితే లారీ స్వరూపం ఏం మారింది?

అసలు ఇంట్లో చేయడమంటే పాత డబ్బాకు పైపు అతికించడం అనుకునేవాళ్ళున్నారు. అందుకే చేసిన పని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా బండిది ఆరు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజను. క్రాంకు (ఇంజనులో తిరిగే ఇరుసు) ఒక్కో చుట్టుకు మూడు సిలిండర్లు మండుతాయి. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే సెకనుకు 100 దెబ్బలు. మనకు వినపడే మోత ఆ దెబ్బలదే. మూడంగుళాల పైపులో దూసుకొచ్చే పొగను తొమ్మిదంగుళాల డ్రమ్ములోకి వదిలితే దారి వైశాల్యం ఒక్కసారిగా తొమ్మిది రెట్లవుతుంది. అక్కడ దెబ్బ విరుగుతుంది, శబ్దంలో కొంత వెనక్కి కొట్టుకుంటుంది. డ్రమ్ములో రెండు అడ్డు బిళ్ళలు పెట్టి, వచ్చే పైపుకు, పోయే పైపుకు చుట్టూ బెజ్జాలు వేశాను. పొగ నేరుగా పోకుండా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగి పోవాలి. బెజ్జాల లెక్కలోనే చాలామంది తప్పుతారు. లోపల మూడంగుళాలుండే పైపు నోరంత దారి రావాలంటే 6 మిల్లీమీటర్ల బెజ్జాలు 160 కావాలి. మసి పట్టి మూసుకుపోయేవి కూడా కలుపుకోవాలి కాబట్టి దానికి ఒకటిన్నర రెట్లు వేశాను. డ్రిల్లింగు మిషను మోతకు పక్కింటివాళ్ళు వచ్చి మా ఆవిడను అడిగారట. ఆవిడ లోపలికొచ్చి, "ఏవండీ, చప్పుడు తగ్గించే సామాను చేయడానికి ఇంత చప్పుడా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

డ్రమ్ముకు 2 మిల్లీమీటర్ల రేకు ఆటోనగర్లో రోలింగ్ చేయించుకున్నాను. కొందరు పాత గ్యాసు సిలిండరు కోసేస్తారు. ఆ పని మాత్రం ఎవరూ చేయొద్దు. ఖాళీ అనుకున్న సిలిండరులో మిగిలిన ఆవిరి పేలడానికి కటింగ్ చక్రం నిప్పురవ్వ చాలు. పైపు కూడా తెల్లగా మెరిసే జీఐ పైపు చవగ్గా వస్తుందని కొనకూడదు. వెల్డింగు వేడికి దాని మీది జింకు పొగై లేస్తుంది, అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం తగులుకుంటుంది. నల్ల పైపే తెచ్చుకోవాలి.

బెండ్లు ఇప్పుడు రెడీమేడుగా దొరుకుతాయి. కానీ మానిఫోల్డు (సిలిండర్ల పొగ కలిసి బయటికొచ్చే గొట్టం) కింద, స్టీరింగు బాక్సు పక్కనుంచి తిప్పాల్సిన ఒక వంపు ఏ బెండుకూ కుదరలేదు. దాన్ని పాత పద్ధతిలోనే వంచాం. ఇసుకను పెనం మీద బాగా వేయించి, పైపులో కొట్టి కొట్టి దట్టించి, రెండు చివరలా చెక్క బిరడాలు దిగేసి, బొగ్గుల మీద ఎర్రగా కాల్చి వంచాలి. ఇసుకలో తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా గుండులా ఎగిరివస్తుంది. పైపు అతుకు వంపు లోపలికీ రాకూడదు, వెలుపలికీ రాకూడదు, పక్కకు ఉండాలి. లేకపోతే అతుకు విచ్చుతుంది. వంపు దగ్గర పైపు నొక్కుకుపోకపోతే పని కుదిరినట్టే.

పైపులన్నీ బండి కిందే అమర్చి, కదలకుండా అక్కడక్కడా చుక్క వెల్డింగుతో టాకాలు వేశాను. తరవాత దించి బల్ల మీద పూర్తి వెల్డింగు చేశాను. పల్చటి పైపు కాబట్టి 2.5 మిల్లీమీటర్ల వెల్డింగు రాడ్డే వాడాలి, లావు రాడ్డు పెడితే చిల్లు పడుతుంది. బండి మీద టాకాలు వేసే ముందు బ్యాటరీ వైర్లు పీకేయాలి, ఎర్తు క్లాంపు వెల్డింగు చోటికి దగ్గర్లో పెట్టాలి. బండిని జాకీ మీద వదిలి కిందికి దూరకూడదు, చెక్క దిమ్మెలు ఉండి తీరాలి. గ్యారేజీలో మా మేస్త్రి ఈ ఒక్క విషయంలో ఎవర్నీ క్షమించేవాడు కాదు.

ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. రెంటినీ బిగుసు పైపుతో కలిపితే మానిఫోల్డుకు పైపు బిగించే ఫ్లాంజి దగ్గర పగులుతుంది. అందుకే మధ్యలో ఫ్లెక్సిబుల్ పైపు ముక్క పెట్టాలి. మూడు మీటర్ల ఇనప పైపు 300 డిగ్రీలు వేడెక్కితే ఒక సెంటీమీటరు పైనే సాగుతుంది. దానికి జాగా ఇవ్వడానికి పాత టైరును పట్టీలుగా కోసి, పైపును వాటితో ఛాసిస్‌కు వేలాడదీశాను. డీజిలు మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది, చల్లారాక అది నీరై సైలెన్సరు అడుగున చేరుతుంది. అడుగున 3 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి ఉంటే కారిపోతుంది. చాలా సైలెన్సర్లు లోపలినుంచి తుప్పు పట్టి పోవడానికి కారణం ఈ నీళ్ళే.

అంతా బిగించాక ఊపిరాడుతోందో లేదో చూడాలి. మానిఫోల్డు దగ్గర పైపుకు ఒక నట్టు వెల్డింగు చేసి, దానికి రాగి గొట్టం, ఆ గొట్టానికి పారదర్శకంగా ఉండే సన్న పైపు తగిలించి, యు ఆకారంలో వంచి రంగు నీళ్ళు పోశాను. ఇంజను రైజ్ చేస్తే నీళ్ళు ఒక పక్క దిగి, రెండో పక్క లేస్తాయి. ఆ తేడా అడుగులకొద్దీ ఉంటే ఇంజను ఉక్కిరిబిక్కిరవుతున్నట్టు. ఖాళీ బండికి నా దగ్గర జానెడు దాటలేదు. ఈ పరీక్ష షెడ్డు తలుపులు మూసి చేయకూడదు. డీజిలు పొగ క్యాన్సరు తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు విభాగం 2012లోనే తేల్చింది. మా తరం మెకానిక్కులం ఆ పొగలోనే టీ తాగాం, అది వేరే సంగతి.

ఇంత చేసింది శబ్దం తగ్గడానికి. ఆ మోటారు సైకిలు కుర్రాళ్ళు డబ్బు పెట్టి చేసేది శబ్దం పెరగడానికి. సైలెన్సరు ఖాళీ చేస్తే బండికి బలం వస్తుందని వాళ్ళకు ఎవరో చెప్పారు. చెవులకు వచ్చేదే తప్ప చక్రాలకు పెద్దగా వచ్చేదేం లేదు. ఈ రెండు పనులనూ ఒకే గాటన కట్టి, ఒకే సెక్షను చూపిస్తే ఎలా? శబ్దం, పొగ ప్రమాణాలు మీరినవాళ్ళకు 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తరవాత, మూడు నెలల దాకా జైలో, 10,000 రూపాయల దాకా జరిమానానో, లేదంటే రెండూనో పడవచ్చు. అంత శిక్ష ఉన్న నేరాన్ని బిల్లు ఉందా లేదా అని చూసి తేల్చడం న్యాయంగా లేదు. కంపెనీ బిల్లున్న సైలెన్సరు లోపలి బిళ్ళలు పీకేసి తిరిగేవాళ్ళు దర్జాగా బిల్లు చూపించి పోతున్నారు మరి.

పొగ కొలవడానికి మీటరు ఉంది, ఎఫ్‌సీ దగ్గర పైపులో గొట్టం దూర్చి చూస్తారు. శబ్దానికీ మీటర్లున్నాయి, పెద్ద ఖరీదు కాదు. రవాణా శాఖ వాళ్ళు ఆ మీటరు పట్టుకుని, ఫలానా దూరంలో, ఇంజను ఫలానా వేగంలో ఉండగా కొలిచి, వచ్చిన అంకెను ఎఫ్‌సీ కాగితం మీద రాస్తే సరిపోతుంది. విడిభాగాలు దొరకని పాత లారీలకు ఇంట్లోనో, ఆటోనగర్లోనో చేసిన సైలెన్సరును అలా కొలిచి నమోదు చేసుకునే వీలు ఇవ్వాలి. రోలరు కిందికి పంపేవాటిని కూడా ముందు కొలిచి పంపితే ఎవరూ నోరెత్తలేరు.

ఇంకొకటి. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకు వింటేజి రిజిస్ట్రేషను ఇస్తామని 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. అది రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్ళకు. జమీందారు గారి కారుకు గౌరవం దక్కింది, సంతోషం. ఆయన బస్తాలు మోసిన ఆరు టైర్ల లారీకి మాత్రం అందులో చోటు లేదు. దీని మీద మీ పత్రిక ఎప్పుడైనా రాస్తే బాగుంటుంది.

శబ్దం మీటరుతో ఏ అధికారి వచ్చినా నా లారీ స్టార్ట్ చేసి చూపిస్తాను. పొద్దున పది దాటాక వస్తే మంచిది. చలి మీద ఉన్న పాత డీజిలు ఇంజను మొదట కాసేపు తెల్లపొగ వదులుతుంది, దానికి సైలెన్సరును తప్పుపట్టకూడదు.

ఇట్లు,
ఒక పాత లారీ యజమాని,
కానూరు, విజయవాడ