జెండా రంగులకు మతాలు అంటగట్టొద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆగస్టు 15 దగ్గరపడితే తిరుపతి బళ్లలో జెండా దిమ్మెలకు రంగులు వేస్తారు, పిల్లలు ప్రసంగాలు బట్టీ పడతారు. ఆ ప్రసంగాల్లో ఏటా ఒక మాట వినిపిస్తోంది. కాషాయం హిందువులదట, ఆకుపచ్చ ముస్లింలదట, తెలుపు మిగతావాళ్లదట. పిల్లలే కాదు, వేదికెక్కిన పెద్దలూ ఇదే చెబుతున్నారు. ఇది తప్పు. దీన్ని సరిదిద్దే బాధ్యత మిగతా ఊళ్లకన్నా మన తిరుపతికే ఎక్కువ.

ఈ మాట ఊరికే పుట్టలేదు. 1921లో విజయవాడలో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి చూపిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ రెండే ఉన్నాయి. అవి రెండు పెద్ద మతాలకు గుర్తులు. మిగతా మతాల కోసం తెలుపు చేర్చమన్నది, రాట్నం పెట్టమన్నది గాంధీజీ. అయితే మతానికో రంగు అన్నాక, మా రంగేదని అడిగేవాళ్లు రాకుండా ఉంటారా? సిక్కులు అడిగారు. చివరికి 1931లో కాంగ్రెస్ ఏడుగురితో కమిటీ వేసింది. దాని కన్వీనర్ మన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారే. జెండా మొత్తం కాషాయంగా ఉండాలని కమిటీ సూచించినా ఏఐసీసీ ఒప్పుకోలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అన్న వరుసను ఖాయం చేస్తూ, ఈ రంగులకు మతపరమైన అర్థం లేదని స్పష్టంగా చెప్పింది. అప్పుడే వదిలేసిన అర్థాన్ని మనం ఇంకా పిల్లల చేత చెప్పిస్తున్నాం.

1947 జులై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ జెండా తీర్మానం పెట్టారు. రాట్నం బదులు సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం వచ్చింది. రాట్నమైతే జెండా రెండోవైపు తిరగబడి కనిపిస్తుంది, చక్రం ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. ఆ రోజు రంగుల అర్థాన్ని సభకు వివరించిన వారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఒకరు. కాషాయం త్యాగానికి గుర్తు, నాయకులు సొంత లాభం చూసుకోకూడదు అన్నారు. తెలుపు మన నడవడికకు దారి చూపే సత్యమన్నారు. ఆకుపచ్చ మట్టితో, సకల ప్రాణులకూ ఆధారమైన పచ్చని మొక్కతో మన బంధమన్నారు. చక్రం ధర్మానిది, కదలికలోనే జీవం ఉందన్నారు. వర్షం కోసం ఆకాశంకేసి చూసే మన చిత్తూరు రైతుబిడ్డకు ఆకుపచ్చ గురించి ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఆ రాధాకృష్ణన్ గారు చిన్నప్పుడు చదువుకున్నది తిరుపతిలోనే, లూథరన్ మిషన్ హైస్కూల్లో. ఆయన పుట్టిన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. సెప్టెంబరు 5న ఆయన ఫొటోకు దండ వేస్తాం. మూడు వారాల ముందు జెండా ఎగరేసేటప్పుడు మాత్రం ఆయన చెప్పింది ఎవరికీ గుర్తుండదు. నాకు బాధ కలిగించేది అదే.

విద్యాశాఖ అధికారులకు, నగరపాలక సంస్థకు నా విన్నపం ఒక్కటే. ప్రతి బడిలో జెండా దిమ్మె పక్కన ఆయన వివరణను తేలిక తెలుగులో, నాలుగు వాక్యాల్లో బోర్డు మీద రాయించండి. జెండా వందనం అయ్యాక ఒక విద్యార్థి చేత పైకి చదివించండి. మొదట మున్సిపల్ స్కూళ్లలో పెట్టి, తర్వాత మండలాల్లోని బళ్లకు తీసుకెళ్లొచ్చు. బోర్డుల ఖర్చే ఇబ్బందైతే, నాలాంటి రిటైర్డ్ టీచర్లం తలా కొంత వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తిరుపతి