పింఛను ఇంటికొస్తోంది, పాదాలు చూసేవాళ్లూ రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అత్తగారికి 81 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా షుగరు ఉంది. మూడేళ్ల కిందట తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఇల్లు కదలడం లేదు. పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే చూస్తే, ఆవిడ మంచం కోడు వెంబడి చీమలు బారు కట్టి పైకి పాకుతున్నాయి. బిస్కెట్ ముక్క పడిందేమో అనుకుని దుప్పటి తీశాను. చీమలన్నీ ఎడమకాలి బొటనవేలి చుట్టూ ఉన్నాయి. గోరు మూల చీము పట్టింది. "నొప్పి తెలియలేదా అత్తయ్యా?" అంటే, "ఏం లేదమ్మా, బాగానే ఉంది కదా" అన్నారు.

పది రోజుల ముందు ఆ గోరు తీసింది నేనే. వయసు మళ్లాక గోరు మందమై, గట్టిపడి, వంకర తిరిగి చర్మంలోకి దిగిపోతుంది. మామూలు నెయిల్ కట్టర్‌కు పట్టదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి బ్లేడుతో తీశాను. మూల కాస్త తెగినట్టుంది. షుగరు వల్ల ఆవిడ పాదాలకు స్పర్శ పోయిందని అప్పటికి నాకు తెలియదు. నడిచే రోజుల్లో ఒక చెప్పు ఎక్కడో జారిపోయినా చూసుకోకుండా ఒక్క చెప్పుతో ఇంటికొచ్చేవారు. మతిమరుపు అనుకున్నాం. కాలికి చెప్పు ఉన్నదీ లేనిదీ తెలియక అలా వచ్చేవారని, ఆసుపత్రిలో వేలు తీసేశాక డాక్టరు గారు చెబితే అర్థమైంది. పండగలకు ఆ కాళ్లకే దండం పెట్టుకున్నాం. అరికాలు ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. నెలనెలా బీపీ, షుగరు చూపిస్తూనే ఉన్నాం. పాదాలు చూపించాలని మాకు తోచలేదు, చూపించమని ఎవరూ అడగలేదు.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో చెప్పింది. వాళ్లలో వంగి తమ పాదం తాము చూసుకోలేని ముసలివాళ్లు ఎంతమందో ఆలోచించండి. షుగరు లేకపోయినా ఆనెలు, మడమ పగుళ్లు, వేళ్ల సందుల్లో పాచిపోవడం, మంచం పట్టినవాళ్లకు మడమ మీద పుండు, ఇవన్నీ ఉంటాయి. పాదం నొప్పెడితే నడక తగ్గుతుంది, నడక తగ్గితే కాళ్లలో సత్తువ పోతుంది, ఆ తర్వాత బాత్రూంలో పడిపోతారు. మా అత్తగారి తుంటి విరిగిందీ అలాగే. అరికాల్లో ఆనె ఉందని కాలు వారగా వేసి నడిచేవారు.

మా చిన్నప్పుడు మంగలి ఇంటికొచ్చి తాతయ్యకు గడ్డం గీసి, కాలిగోళ్లు కూడా తీసి వెళ్లేవారు. ఇప్పుడు సెలూన్‌కు మనమే వెళ్లాలి. మంచం దిగలేనివాళ్లు ఎక్కడికి వెళ్తారు?

మన ఆంధ్రప్రదేశ్‌లో నెలనెలా ఒకటో తారీఖున గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు ఇంటికొచ్చి పింఛను ఇస్తున్నారు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. ఇది నిజంగా పెద్ద సాయం. ఎవరు గుమ్మం దాకా వచ్చి తీసుకుంటారో, ఎవరికి మంచం దగ్గరికే వెళ్లి ఇవ్వాలో ఆ ఉద్యోగులకు పేరుపేరునా తెలుసు. అంటే జాబితా తయారుగా ఉంది. దాన్ని ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) చేతికిచ్చి, రెండు నెలలకోసారి ఆ ఇళ్లకు వెళ్లి పాదాలు చూడమంటే చాలు.

కావలసిన సామానూ తక్కువే. మందపు గోళ్లు తీసే పెద్ద కట్టర్, దాన్ని శుభ్రం చేసే ఏర్పాటు, స్పర్శ ఉందో లేదో చూసే, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు. ఆ పోగును అరికాల్లో అక్కడక్కడా వంగేదాకా ఆనించి, తెలుస్తోందా అని అడుగుతారు. రెండు మూడు నిమిషాల పని. ఆ పరీక్ష ముందే జరిగి ఉంటే నేను బ్లేడు పట్టుకునేదాన్ని కాదు.

ఇలాంటి పని మన ఆరోగ్యశాఖకు కొత్త కూడా కాదు. మా గోదావరి జిల్లాల్లో బోదకాలు ఉన్నవాళ్లకు టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఇచ్చి కాలు ఎలా కడిగి ఆరబెట్టుకోవాలో నేర్పే కార్యక్రమం ఉంది. కుష్టు వచ్చి స్పర్శ పోయినవాళ్లకు మెత్తటి రబ్బరు చెప్పులు (ఎంసీఆర్ చెప్పులు) ఉచితంగా ఇస్తారు. షుగరుతో స్పర్శ పోయిన పాదానికీ అలాంటి చెప్పులే కావాలి. పీహెచ్‌సీలో వాటిని అందుబాటులో ఉంచాలి.

ఇంట్లో చూసుకునే మాలాంటివాళ్లకు కూడా ఒక పూట నేర్పించండి. గోరు మూలలు తవ్వకూడదని, అడ్డంగా తిన్నగా కత్తిరించాలని, వేళ్ల సందులు పొడిగా తుడవాలని, స్పర్శ లేని కాలికి వేడి కాపడం పెట్టకూడదని మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్ లైటు వేసి, చిన్న అద్దం కింద పెట్టి ఆవిడ రెండు అరికాళ్లూ చూస్తున్నాను. ఆ మధ్య కుడి మడమ మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే వెంటనే చూపించాం, రెండు వారాల్లో తగ్గింది.

మొత్తం రాష్ట్రమంతా ఒకేసారి చేయలేకపోతే జిల్లాకు ఒక మండలంలోనైనా మొదలుపెట్టమని వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారిని, మా జిల్లా కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా వీధిలోనే ఇల్లు కదలలేని పెద్దవాళ్లు ఇంకో ముగ్గురు ఉన్నారు.

– ఒక గృహిణి, అమలాపురం